ఒకే విషయం మీద బ్లాగ్ నడపడం: బత్తాయి రాతల నుంచి నేర్చుకున్న పద్ధతి

నేను బత్తాయి గురించి తప్ప ఇంకో దాని గురించి రాయను. గుర్రంపోడు వైపు మాకు నాలుగెకరాల తోట ఉంది, ఉద్యోగం నల్లగొండలో, ఆదివారం తోటకు పోయి వచ్చి రాత్రి భోజనం అయ్యాక కూర్చుని రాస్తాను. ఆరేళ్లుగా ఇదే వరస. ఈమధ్య ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు ఫోన్ చేశారు. ఒకతను గద్వాల చీరల మీద రాయాలనుకుంటున్నాడు, ఇంకొకతను కోయిలకొండ లాంటి పాలమూరు కోటల మీద. "అన్నా, మొదలైతే పెడతం గానీ నడిపేదెట్ల?" అని అడిగారు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, అందుకే మొత్తం వరసగా రాస్తున్నా.

బ్లాగ్ పెట్టడం ఒక సాయంత్రం పని. కష్టమంతా రెండో ఏడాది నుంచి ఉంటుంది: చదివేవాళ్లు తక్కువ, డబ్బులు రావు, రాసింది ఎవరో ఎత్తుకుపోతారు, సెర్చ్‌లో పేరు ఒక రోజు పైకి, ఒక రోజు కనబడదు. వీటన్నిటి మధ్య నిలబడటానికి నాకు ఒక్కటే దారి కనిపించింది. గూగుల్ పంపకపోయినా మన పేరు గుర్తుపెట్టుకుని వచ్చే కొన్ని వందల మంది ఉండాలి. కింద చెప్పే ప్రతి అడుగూ వాళ్ల కోసమే.

మొదటి అడుగు: విషయాన్ని ఇరుకు చేసుకోండి

"వ్యవసాయం" అని పెట్టుకుంటే మునిగిపోతారు. "పండ్ల తోటలు" కూడా పెద్దదే. పట్నంలో కూర్చున్న పెద్ద వెబ్‌సైట్లు పది మందిని పెట్టి రోజుకు ఇరవై వ్యాసాలు వేస్తుంటే, ఆదివారం రాత్రి మాత్రమే ఖాళీ దొరికే మనిషి వాళ్లతో పోటీకి పోవద్దు. వాళ్లు రాలేని చోట మనం ఉండాలి.

ఒక పరీక్ష పెట్టుకోండి. నోట్‌బుక్ తీసుకుని మీ విషయం మీద మనుషులు మిమ్మల్ని నిజంగా అడిగిన ప్రశ్నలు నలభై రాయండి, వాళ్ల మాటల్లోనే. నావి ఇలా ఉండేవి: కత్తెర కాపు కావాలంటే నీళ్లు ఎప్పుడు ఆపాలి, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు మంచిదా జంబేరి మీద కట్టింది మంచిదా, మంగు (తొక్క మీద మచ్చ) పట్టిన కాయ లోపల బాగానే ఉన్నా రేటు ఎందుకు తగ్గిస్తారు, తోట గుత్తకు ఇస్తే లాభమా కాయ మనమే కోసి మార్కెట్‌కు తీసుకుపోతే లాభమా, టన్నుకు తరుగు (తూకంలో కోత) ఎంత తీస్తున్నారు. చీరల మీద రాసే తమ్ముడికైతే నూలు చీరకు పట్టు అంచు ఎలా కలుపుతారు, ఉతికితే రంగు దిగుతుందా, మగ్గం చీర అని గుర్తుపట్టేదెలా అన్నవి ముందు వస్తాయి. నలభై రాకపోతే ఇంకా జనంలో తిరగలేదని అర్థం, ఇంకో నెల తిరిగి మొదలుపెట్టండి. తొందరేం లేదు.

ఆ నలభై ప్రశ్నలే మీ మొదటి ఏడాది రాతలు. వారానికి ఒకటి కూడా పెట్టుకోవద్దు, పది రోజులకు ఒకటి చాలు.

రెండో అడుగు: చోటు మీ పేరు మీద ఉండాలి

బ్లాగర్‌లో ఉచితంగా మొదలుపెట్టినా తప్పులేదు, వర్డ్‌ప్రెస్ అయినా సరే, ఆ గొడవలో నెలలు పోగొట్టుకోవద్దు. కానీ డొమైన్, అంటే బ్లాగ్ అడ్రస్ పేరు, మాత్రం సొంతంగా కొనండి. డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ ఉంటుంది. ఎందుకంటే మనది కాని చోట కట్టిన ఇల్లు ఎప్పుడు పోతుందో తెలియదు. జియోసిటీస్ 2009లో మూతపడింది, గూగుల్ రీడర్ 2013 జూలైలో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో. తెలుగులోనే చూడండి, ఒకప్పుడు కూడలి, జల్లెడ, హారం లాంటి సంకలినులు ఉండేవి, కొత్త పోస్టు వేయగానే వాటిలో కనిపించేది, చదివేవాళ్లు వాటి నుంచే వచ్చేవాళ్లు. ఆ కాలం పోయాక ఎంతో మంచి బ్లాగులు పాఠకులు లేక ఆగిపోయాయి. సొంత పేరు ఉంటే, రేపు బ్లాగర్ నుంచి ఇంకో చోటికి సామాను మార్చుకున్నా అడ్రస్ అదే ఉంటుంది.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్తాను. మొదటిసారి డొమైన్ కొనే పని ఒక వెబ్ డిజైన్ షాపుకు అప్పగించాను. వాళ్లు దాన్ని తమ ఈమెయిల్ మీద, తమ పేరు మీద తీసుకున్నారు. ఏడాది తర్వాత రెన్యువల్ టైమ్‌కి షాపు లేదు, ఫోన్ కలవదు. పేరు పోయింది. అప్పటిదాకా వాట్సాప్‌లో తిరిగిన నా లింకులన్నీ చచ్చిపోయాయి, కొత్త పేరుతో మళ్లీ మొదటి నుంచి. కాబట్టి డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ చేతులతోనే కొనండి. ఆటో రెన్యువల్ పెట్టండి, కార్డు గడువు ఎప్పుడు అయిపోతుందో గోడ క్యాలెండర్ మీద కూడా రాసుకోండి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, ఇది చాలా మందికి ఆలస్యంగా తెలుస్తుంది. పోస్టు లింకులో తెలుగు అక్షరాలు పెడితే, కాపీ చేసినప్పుడు ఒక్కో యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) గుర్తుకు తొమ్మిది గుర్తులు అవుతాయి. "బత్తాయి" అనే ఒక్క మాటలో ఒత్తు, గుడి, దీర్ఘం అన్నీ కలిపి ఏడు యూనికోడ్ గుర్తులు, అంటే లింకులో శాతం గుర్తులూ అంకెలూ ఇంగ్లీష్ అక్షరాలూ కలిపి 63. అది వాట్సాప్‌లో చూసిన రైతు మోసం లింకు అనుకుని ముట్టుకోడు. శీర్షిక తెలుగులోనే పెట్టండి, లింకు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టండి.

రాత యూనికోడ్‌లో ఉండాలి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించింది నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, మార్చుకుని ప్రూఫ్ చూసుకోవాల్సిందే. ఫాంట్ల విషయంలో నాకు ఇష్టమైంది సురవరం, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు దానికి. శీర్షికలకు బాగుంటుంది. పోస్టు లోపలి పాఠానికి మాత్రం ఫోన్‌లో తేలిగ్గా చదవగలిగే మామూలు ఫాంట్ వాడండి, అక్షరం కాస్త పెద్దగా ఉంచండి. ఫోటోలు ఫోన్ నుంచి తీసినవి తీసినట్టు ఎక్కించవద్దు. నాలుగు ఎంబీల ఫోటోను రెండు వందల కేబీలకు తగ్గించినా మంగు మచ్చ స్పష్టంగానే కనిపిస్తుంది, తోటలో సిగ్నల్ సరిగా లేని చోట కూడా పేజీ తెరుచుకుంటుంది.

మూడో అడుగు: రాసిన దానికి బాధ్యత పడండి

దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నా, ఎందుకంటే ఒంటరిగా రాసేవాళ్లకు వెనక సంపాదకుడు ఉండడు, తప్పు పట్టేవాళ్లు ఉండరు, మనం రాసిందే అచ్చు.

రెండో ఏడాది వానాకాలంలో బోర్డో గురించి రాశాను, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే తెగుళ్ల మందు అది. బత్తాయి మొదలు దగ్గర బంక కారితే ఆ బెరడు గీకి బోర్డో పేస్ట్ పూస్తారు. పేస్ట్‌కు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. చెట్టు మీద పిచికారీ చేసే ఒక శాతం బోర్డో మిశ్రమానికి అదే కిలో, అదే కిలో, కానీ నీళ్లు వంద లీటర్లు. నేను రెండిటినీ ఒకే పేరాలో రాసి, ఏది పూయడానికో ఏది కొట్టడానికో విడదీసి చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. వారం తర్వాత పెద్దవూర వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్. "తమ్మీ, నువ్వు రాసినట్టే పది లీటర్లల్ల కలిపి కొట్టిన, ఆకు మాడుతున్నది" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అదృష్టం ఏమిటంటే రెండు చెట్ల మీదే కొట్టి ఆగాడు.

ఆ రోజు నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను, మీ విషయం ఏదైనా ఇవి పనికొస్తాయి. కొలత ఉన్న ప్రతి వాక్యంలో ఒకే పని ఉండాలి, రెండు పనులు ఒకే వాక్యంలో కలపను. ప్రతి పోస్టు పైన ఏ తేదీన, ఏ మండలంలో, ఎన్నేళ్ల చెట్టు మీద చూసి రాస్తున్నానో పెడతాను. ఎర్రచెల్కలో నిజమైంది నల్లరేగడిలో నిజం కాకపోవచ్చు కదా. నేను చేసి చూసింది ఒక రకంగా, విన్నది ఇంకో రకంగా రాస్తాను, "మా తోటలో చేశాం" అని, "ఫలానా ఊరి రైతు చెప్పాడు" అని. మందుల మోతాదు విషయంలో డబ్బా మీద లేబుల్‌లో ఉన్నదాన్ని దాటి ఒక్క మాట రాయను, అనుమానం ఉంటే కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలోనో ఉద్యాన అధికారినో అడిగి, అడిగిన తేదీతో సహా రాస్తాను. చేసి చూసే చిట్కా ఏదైనా ఉంటే అది తప్పకుండా పెడతాను. బోర్డో మిశ్రమంలో శుభ్రమైన ఇనుప కత్తి ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పొర పట్టిందంటే సున్నం సరిపోలేదని, ఇంకా కలపాలని అర్థం. ఇలాంటిది ఒక్కటి చెప్తే చదివేవాళ్లు మనం చెప్పిన కొలతను గుడ్డిగా నమ్మకుండా తమ చేతులతో సరిచూసుకోగలుగుతారు.

తప్పు రాస్తే దాన్ని తీసేసి ఊరుకోవద్దు. పోస్టు పైనే, పెద్ద అక్షరాల్లో, ఏం తప్పు రాశాం, ఎప్పుడు సరిచేశాం అన్నది పెట్టండి. పాత లింకు చదివి పోయినవాడు మళ్లీ రాకపోవచ్చు, అందుకే వాట్సాప్‌లో కూడా పంపండి. ఆ పెద్దాయన ఇప్పటికీ ఫోన్ చేస్తాడు, ఇంకో పది మందికి నా నంబర్ ఇచ్చింది ఆయనే.

నాలుగో అడుగు: చదివేవాళ్లు ఎలా వస్తారు

మనవాళ్లు తెలుగులో ఆలోచిస్తారు, సెర్చ్‌లో మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తో. కాబట్టి పోస్టు వివరణలో, ఫోటో పేరులో ఆ మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో కూడా ఉండేలా చూసుకోండి. పుస్తకాల్లో ఉండే పేరూ ఊళ్లో పిలిచే పేరూ రెండూ పెట్టండి. "రసం పీల్చే రెక్కల పురుగు" అని మాత్రమే రాస్తే, రాత్రిపూట కాయకు పొక్క పెట్టే పురుగు అని వెతికేవాడికి దొరకదు.

ఇంతకుమించి సెర్చ్ మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ సెర్చ్ పైభాగంలో ఏఐ రాసిన సారాంశం వస్తోంది, జవాబు అక్కడే దొరికితే కింద లింకు నొక్కే అవసరం ఎవరికీ ఉండదు. "బత్తాయికి ఎరువులు ఎంత" లాంటి ఎప్పుడూ మారని ప్రశ్నలకు రాసిన పోస్టులకు ఇది గట్టి దెబ్బ. ఈ వారం నల్లగొండ మార్కెట్‌లో తరుగు పేరుతో ఎంత తీశారు, మా వైపు పూత ఈసారి ఎందుకు ఆలస్యమైంది, ఫలానా నర్సరీ అంట్లు మూడేళ్ల తర్వాత ఎలా ఉన్నాయి అన్నవి మాత్రం అక్కడికి పోయి చూసినవాడు రాస్తేనే ఉంటాయి. మీ రాతల్లో సగమైనా ఇలాంటివి ఉండాలి. కోటల మీద రాసే తమ్ముడు చరిత్ర మొత్తం తిరిగి రాయడం కంటే, ఏ దారిన ఎక్కాలి, ఏ గోడ ఈ వానలకు కూలింది, శాసనం మీద ఎవరు సున్నం పూశారు అన్నది తేదీతో రాస్తే దాని విలువ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పెట్టొచ్చు, అయితే వాళ్ల ఫోన్‌లో మీ నంబర్ సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. ఈ నిబంధన నాకు మంచే చేసింది. నంబర్ సేవ్ చేసుకున్నవాడు నిజంగా కావాలనుకున్నవాడే. గ్రూపుల్లోకి చొరబడి లింకులు వేయొద్దు, విసుగు తప్ప ఏమీ రాదు. బయట కూడా తిరగండి. నేను ముఖ్యమైన పోస్టును ఒక పేజీకి కుదించి జిరాక్స్ తీసి మార్కెట్ దగ్గర హోటల్‌లో, రెండు నర్సరీల్లో అతికిస్తాను, కింద క్యూఆర్ కోడ్. టీ తాగుతూ చదివేవాళ్లే నాకు ఎక్కువ కాలం నిలిచిన పాఠకులు.

1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక తెచ్చారు, అదే ఏడాది ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. నిజాం పాలనలో, ఉర్దూ రాజ్యమేలుతున్న రోజుల్లో, రాయడం దగ్గర్నుంచి అచ్చు వేసి పంపడం దాకా ఆ అన్నదమ్ములే చూసుకున్నారని చదివినప్పుడు, ఫోన్‌లో టైప్ చేసి ఒక్క నొక్కుతో పంపే నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఐదో అడుగు: ఎత్తుకుపోయేవాళ్లతో

మీ పోస్టును ఎవరో యూట్యూబ్‌లో అక్షరం పొల్లుపోకుండా చదివి వీడియో పెడతారు. తప్పకుండా జరుగుతుంది. మొదట స్క్రీన్‌షాట్ తీసుకోండి, తేదీ కనిపించేలా. పోస్టు వేసిన రోజే వెబ్ పేజీలను తేదీతో దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేసే అలవాటు ఉంటే, మీదే ముందు అని చూపించడం తేలిక. తర్వాత మర్యాదగా ఒక మెసేజ్, "మా పేరు, లింకు పెట్టండి" అని. చాలా మంది పెట్టేస్తారు, తప్పని తెలియక చేసినవాళ్లే ఎక్కువ. వినకపోతే యూట్యూబ్‌కు, గూగుల్‌కు కాపీరైట్ ఫిర్యాదు ఫారాలు ఉన్నాయి, నింపండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ నెలకు ఒకటి రెండు గంటల కంటే దీని మీద పెట్టొద్దు, ఆ కోపంతో రాయాల్సింది ఆగిపోతుంది.

మనం కూడా అదే పని చేయొద్దు. నెట్‌లో దొరికిన తెగులు ఫోటో పెట్టడం దొంగతనమే కాదు, ప్రమాదం కూడా, అది మన బత్తాయి కాకపోవచ్చు.

ఆరో అడుగు: డబ్బు

నిజం చెప్పాలంటే, దీని మీద ఇల్లు గడవదు. బ్లాగ్‌లో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగుకు కూడా ఉంది. పది డాలర్లు చేరాక అడ్రస్ సరిచూడటానికి పోస్టులో పిన్ వస్తుంది, వంద డాలర్లు దాటితేనే బ్యాంకులో పడుతుంది. తక్కువ మంది చదివే బ్లాగ్‌కు ఆ వంద చేరడానికి చాలా కాలం పడుతుంది. పైగా ఏ ప్రకటన వస్తుందో పూర్తిగా మన చేతిలో ఉండదు. ఎరువులు తగ్గించండి అని రాసిన పోస్టు మధ్యలో ఎరువుల ప్రకటన వచ్చాక నేను తీసేశాను.

అసలు టెన్షన్ వేరే రూపంలో వస్తుంది. నలుగురు చదవడం మొదలైతే మందుల డీలర్ ఫోన్ చేస్తాడు, "మా మందు గురించి మంచిగా నాలుగు మాటలు రాయి అన్నా, ఎంతో కొంత చూసుకుంటాం" అని. నాకు ఇస్తామన్న మొదటి మొత్తమే ఆ ఏడాది హోస్టింగ్ (బ్లాగ్‌ను నెట్‌లో ఉంచే చోటు అద్దె) ఖర్చుకు మూడింతలు. రెండు రోజులు నిద్రపట్టలేదు, ఆ నెల ఇంట్లో డబ్బు అవసరం ఉండె. వద్దన్నాను. ఒక్కసారి తీసుకుంటే అంతకుముందు ఉచితంగా రాసిన నూరు పోస్టులకు కూడా ఎవరో డబ్బిచ్చారనుకుంటారు. మీ విషయంలో తీసుకోదగ్గ ప్రకటనే అయితే, డబ్బు తీసుకున్నామని పోస్టు మొదట్లోనే తెలుగులో స్పష్టంగా రాయండి. ఇది మర్యాద మాత్రమే కాదు, వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెప్పమనే అంటున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవాళ్లకు పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

నాకు పనికొచ్చిన దారి చిన్నది. ఏడాది పోస్టుల్లోంచి ఏరి, పూత నుంచి కోత దాకా నెలల వారీగా ఒక చిన్న పుస్తకం వేసి నర్సరీల దగ్గర అమ్మాను. డొమైన్, హోస్టింగ్, జిరాక్స్ ఖర్చులు దాంట్లో వెళ్లిపోయాయి. లాభం అనేది లేదు, నష్టం కూడా లేదు. ఆరేళ్లు నడవడానికి అది చాలింది.

ఏడో అడుగు: అలసిపోకుండా

ఫోన్ నంబర్ ఇస్తే రాత్రి పదకొండుకూ ఆకుల ఫోటోలు వస్తాయి. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది అని టైమ్ పెట్టండి, బ్లాగ్ పైన రాయండి, దాని మీద నిలబడండి. ఫోటో చూసి రోగం చెప్పేయొద్దు. వేరుకుళ్లు, నీళ్లు ఎక్కువవడం, జింకు లోపం ఫోటోలో ఒకేలా పసుపు పచ్చగా కనిపిస్తాయి.

రాతలకు పంట క్యాలెండర్ పెట్టుకోండి. చెట్లు బెట్టకు పెట్టే (నీళ్లు ఆపే) పోస్టు నవంబర్ కంటే ముందే సిద్ధంగా ఉండాలి, పురుగు పోస్టు కాయ ముదిరే లోపు. కోతలప్పుడు రాయలేం, అందుకే ఎండాకాలంలోనే నాలుగు పోస్టులు రాసి దాచుకుంటాను. రెండు నెలలు ఏమీ వేయకపోయినా "క్షమించండి" పోస్టు వేయక్కర్లేదు, వచ్చాక పనికొచ్చేది ఒకటి వేయండి.

రోజూ ఎంతమంది చూశారో చూసుకోవడం మానేయండి. నెలకు ఒకసారి చాలు. దానికి బదులు ఈ నెల ఎంతమంది ఫోన్ చేసి ఇంకో ప్రశ్న అడిగారో నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఎనిమిదో అడుగు: మీరు లేకపోయినా ఉండేట్టు

మూడు నెలలకోసారి బ్లాగ్ మొత్తం దించుకోండి, బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఈమెయిల్ డ్రైవ్‌లో, ఫోటోలు విడిగా. పెన్‌డ్రైవ్ ఇంట్లో కాకుండా తోడబుట్టినవాళ్ల ఇంట్లో పెట్టండి. డొమైన్ ఎక్కడ కొన్నారు, ఏ ఈమెయిల్‌తో, రెన్యువల్ ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి నమ్మకమైన మనిషికి ఇవ్వండి. నాది మా అక్క కొడుకు దగ్గర ఉంది, హాలియాలో ఉంటాడు, వాళ్లకూ మూడెకరాల బత్తాయి. పోయిన నెల వాడితో ఒకసారి లాగిన్ చేయించి చూశాను. పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం కాగితం మీద తప్పు రాశానని అప్పుడే తెలిసింది. మీరు కూడా కాగితం ఇచ్చి ఊరుకోకుండా, వాళ్లను పక్కన కూర్చోబెట్టి ఒక పోస్టు వాళ్ల చేతులతో వేయించండి.